మత్తులో చేసిన తప్పు ఎవరి ఖాతాలోకి వెళ్తుంది?



పోయిన వారం వీడియోలో పరీక్షిత్తు మహారాజు కలిపురుషుడికి చోటు చూపించిన కథ చెప్పుకున్నాం. భాగవతం మొదటి స్కంధంలో వస్తుంది. ఉండడానికి చోటివ్వమని కలి కాళ్ళమీద పడితే, రాజు నాలుగు చోట్లు చూపించాడు. జూదం, మద్యపానం, స్త్రీ వ్యామోహం, జీవహింస. ఇంకా అడిగితే ఐదోదిగా బంగారం ఇచ్చాడు. ఆ వీడియో కింద చాలామంది చాలా అడిగారు. "బీరు కూడా లెక్కలోకి వస్తుందా?" అని సరదాగా అడిగినవాళ్ళూ ఉన్నారు. కానీ ఒక అబ్బాయి విడిగా పంపిన మెసేజ్ దగ్గర నేను ఆగిపోయాను. పేరు, ఊరు చెప్పను. విషయం మాత్రం చెప్తాను, ఎందుకంటే అది మీలో చాలామందికి రేపో మాపో ఎదురయ్యేదే.

ఆ అబ్బాయికి తాగే అలవాటు లేదు. ఆఫీసువాళ్ళ పార్టీకి వెళ్ళాడు. స్నేహితుడు తాగుతుంటే పక్కనే కూర్చున్నాడు. గ్లాసు ఖాళీ అయినప్పుడు రెండుసార్లు తనే పోశాడు. "ఇంకొకటి వేయరా, ఏం కాదు" అని కూడా అన్నాడట. రాత్రి ఒంటిగంటకి ఆ స్నేహితుడు బైక్ తీశాడు. ఇతను ఆపలేదు. మలుపు దగ్గర బైక్ వెళ్ళి ఒక డెలివరీ కుర్రాడిని గుద్దింది. ఆ కుర్రాడి కాలు విరిగింది. మర్నాడు స్నేహితుడు అన్నమాట ఒక్కటే: "మత్తులో ఉన్నాను రా, నాకేం గుర్తులేదు."

ఇతని రూమ్మేటు క్యాథలిక్. ఏటా గుణదల మేరీమాత ఉత్సవాలకి వెళ్ళొచ్చే కుటుంబం. అతను ఇలా అన్నాడట: "మా మతంలో తాగడం పాపం కాదు, తాగి ఒళ్ళు తెలియకుండా పోవడం పాపం. అది కూడా ఎంత తెలిసి, ఎంత ఇష్టపడి చేశాడన్నదాన్ని బట్టే లెక్క." అది విన్నాక మన అబ్బాయికి అనుమానాలు మొదలయ్యాయి. "గురువుగారూ, మత్తులో తెలివే లేనప్పుడు పాపం ఎలా అంటుకుంటుంది? అంటుకుంటే వాడికేనా, నాకు కూడానా? మనవాళ్ళు ఏం చెప్పారు?"

ఈ పోస్టు ఆ ప్రశ్నకి జవాబు. వీడియోలో పది నిమిషాల్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

రూమ్మేటు చెప్పింది సగం. మిగతా సగం వినండి

పక్కవాళ్ళ ధర్మం గురించి మాట్లాడేటప్పుడు సగం విని మాట్లాడకూడదు. అందుకని ముందు వాళ్ళు ఏం చెప్తారో సరిగ్గా చూద్దాం.

క్యాథలిక్కులకి ద్రాక్షారసం దానంతట అది చెడ్డ వస్తువు కాదు. యోహాను సువార్తలో కానా అనే ఊళ్ళో పెళ్ళి జరుగుతుంటే ద్రాక్షారసం అయిపోతుంది. యేసు చేసిన మొదటి అద్భుతం అక్కడే, నీళ్ళని ద్రాక్షారసంగా మార్చడం. వాళ్ళ దివ్యబలిపూజలో కూడా రొట్టె, ద్రాక్షారసమే నైవేద్యం. కాబట్టి "ముట్టుకుంటే పాపం" అని వాళ్ళు అనలేరు. వాళ్ళు గీసే గీత వేరేచోట ఉంది. వివేకం, న్యాయం, ధైర్యం, మితం అని నాలుగు మూల సుగుణాలు చెప్తారు. తాగుడు సంగతి నాలుగోదైన మితం కిందకి వస్తుంది. 1992లో రెండో జాన్ పాల్ పోపు గారి కాలంలో వచ్చిన క్యాటెకిజం, అంటే వాళ్ళ బోధనలన్నీ ఒకచోట కూర్చిన గ్రంథం, తిండి, మద్యం, పొగాకు, మందులు అన్నిట్లోనూ అతి వద్దని చెప్తుంది. అంతటితో ఆగదు. తాగిన మత్తులో గానీ, వేగం పిచ్చితో గానీ రోడ్డు మీద తన ప్రాణాన్నీ ఎదుటివాడి ప్రాణాన్నీ ప్రమాదంలోకి నెట్టినవాడు ఘోరమైన దోషం మూటకట్టుకుంటాడని అదేచోట విడిగా చెప్తుంది. ఎవరినైనా గుద్దితేనే దోషం అనలేదు చూడండి. ప్రాణాన్ని ప్రమాదంలో పెట్టడమే దోషం. ఎవరికీ ఏమీ కాకుండా ఇంటికి చేరినా, అది అదృష్టమే తప్ప ధర్మం కాదు.

ఇక రూమ్మేటు చెప్పిన "ఎంత తెలిసి, ఎంత ఇష్టపడి" అనే మాట. ఇది నిజమే. ఒక పాపం అత్యంత ఘోరమైనదిగా లెక్కకి రావాలంటే వాళ్ళ ప్రకారం మూడు ఉండాలి. చేసిన పని పెద్ద తప్పు అయ్యుండాలి. అది తప్పని పూర్తిగా తెలిసి ఉండాలి. తెలిసి కూడా మనసారా ఒప్పుకుని చేసి ఉండాలి. తెలియనితనం, భయం, బలవంతం, అలవాటు, మానసిక స్థితి లాంటివి ఆ బాధ్యతని తగ్గించవచ్చు, ఒక్కోసారి లేకుండా కూడా చేయవచ్చు.

ఇది వినగానే మన తెలివితేటలు ఎటు పోతాయో నాకు తెలుసు. "అంటే ఎంత ఎక్కువ తాగితే అంత తక్కువ పాపం అన్నమాట! తెలివే లేదు కదా!" అని.

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే గొప్ప క్యాథలిక్ పండితుడు దీన్నే తీసుకుని విచారించాడు. తాగుడు వల్ల తర్వాతి తప్పుకి క్షమాపణ ఉందా అని. ఆయన జవాబు సూటిగా ఉంటుంది. మత్తులో చేసిన పని దగ్గర ఆగిపోకండి, ఒక అడుగు వెనక్కి వెళ్ళి చూడండి అంటాడు. ఆ మత్తు ఎలా వచ్చింది? ఆ పానీయం అంత ఘాటుగా ఉంటుందని తెలియక తాగాడా? అయితే అతనిలో తప్పు లేదు, దానివల్ల జరిగినదానికీ అతన్ని తప్పుపట్టలేం. తెలిసే తాగాడా? అయితే మత్తులో చేసిన పనికి బాధ్యత కొంత తగ్గుతుందేమో గానీ పూర్తిగా పోదు. ఎందుకంటే ఆ మత్తుకి తలుపు తీసింది తెలివిగా ఉన్నప్పటి అతనే.

అంతకుముందు గ్రీసు దేశంలో పిట్టకస్ అనే పాలకుడు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. తాగి నేరం చేసినవాడికి మామూలువాడికంటే ఎక్కువ శిక్ష వేయాలని చట్టం చేశాడు. అరిస్టాటిల్ ఈ సంగతి రాశాడు. ఆ చట్టాన్ని అందరూ ఒప్పుకోనక్కర్లేదు. కానీ అందులోని ప్రశ్న చూడండి: తెలివిని పోగొట్టుకోవడం కూడా నువ్వు చేసిన పనే కదా?

మనవాళ్ళు ఏం చెప్పారు?

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మహాభారతం ఆదిపర్వంలో కచుడి కథ ఉంది. నన్నయ్యగారు తెలుగు చేసిన భాగంలోదే. బృహస్పతి కొడుకు కచుడు, మృతసంజీవని విద్య నేర్చుకోవడానికి రాక్షసుల గురువు శుక్రాచార్యుడి దగ్గరికి శిష్యుడిగా వస్తాడు. రాక్షసులకి ఇది నచ్చలేదు. కచుణ్ణి చంపుతారు, దేవయాని ఏడుస్తుంది, శుక్రుడు బతికిస్తాడు. ఇలా రెండుసార్లు అయ్యాక మూడోసారి వాళ్ళు చంపి, కాల్చి, ఆ బూడిదని సురలో కలిపి శుక్రాచార్యుడికే తాగించారు. ఇప్పుడు శిష్యుడు గురువు కడుపులో ఉన్నాడు. బయటికి తెస్తే గురువు పోతాడు, తేకపోతే శిష్యుడు పోతాడు. చివరికి కడుపులో ఉన్న కచుడికే ఆ విద్య ఉపదేశించి, అతను పొట్ట చీల్చుకు వచ్చాక, అతని చేతనే శుక్రుడు బతికాడు.

ఈ కథలో మనం ఎప్పుడూ కచుడి గురుభక్తి గురించి మాట్లాడుకుంటాం. ఇవాళ శుక్రాచార్యుణ్ణి చూడండి. ఆయనకి ఎంత మంచి సాకు ఉంది! "నన్ను మోసం చేశారు. ఆ పాత్రలో ఏముందో నాకు తెలియదు. నాదేం తప్పు?" అనొచ్చు. అక్వినాస్ లెక్క ప్రకారం చూసినా ఆ బూడిద విషయంలో ఆయన నిర్దోషి. అయినా ఆయన ఆ సాకు వెనక దాక్కోలేదు. అంత జ్ఞాని అయిన తనని కూడా ఇది మోసపోయేలా చేసిందే అని మండిపడ్డాడు. ఇకమీదట తెలివితక్కువతనంతో సుర తాగిన బ్రాహ్మణుడు ధర్మభ్రష్టుడవుతాడనీ, బ్రహ్మహత్యా దోషం అంటుతుందనీ లోకానికి ఒక కట్టుబాటు పెట్టాడు. జరిగింది తెలియక. కానీ జరిగాక తెలిసింది. తెలిశాక ఊరుకుంటే, రెండోసారి జరిగేదానికి 'తెలియదు' అనే మాట చెల్లదు. ఆ పెద్దాయన గొప్పతనం అక్కడుంది.

ధర్మశాస్త్రాలు కూడా తెలిసి చేసినదాన్నీ తెలియక చేసినదాన్నీ ఒకే గాటన కట్టలేదు. మనుస్మృతిలో ప్రాయశ్చిత్తాల అధ్యాయం చూస్తే, తెలియక మద్యం తాగినవాడికి తిరిగి సంస్కారం చేస్తే శుద్ధి అని ఉంటుంది. తెలిసి తాగినవాడికి చెప్పిన ప్రాయశ్చిత్తాలు చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ కాలపు శిక్షలు ఇవాళ మనం అమలు చేయం, చేయకూడదు కూడా. కానీ ఆ తూకం గమనించండి. తెలివి ఎంత ఉందో బాధ్యత అంత. ఈ విషయంలో మన శాస్త్రకారులూ, రూమ్మేటు నమ్మే పండితులూ చాలా దగ్గర దగ్గరగా కూర్చున్నారు.

తేడా ఎక్కడుందో కూడా దాచకుండా చెప్పుకోవాలి. వాళ్ళు గీత గ్లాసు చివర గీస్తారు, మన ధర్మశాస్త్రాలు గ్లాసు ముట్టుకోకముందే గీస్తాయి. సురాపానాన్ని పంచ మహాపాతకాల్లో ఒకటిగా పెట్టాయి. అయితే "హిందువులెవరూ తాగలేదు, తాగరు" అని నేనంటే అది అబద్ధం అవుతుంది. బలరాముడి మధుపానం పురాణాల్లోనే ఉంది. మన ఊళ్ళల్లో అమ్మవారికి కల్లు సాక పోసే ఆచారం ఉంది. ఎవరి కులాచారం, ఎవరి ఊరి ఆచారం వాళ్ళకుంది. దాన్ని చూపించి ఎవరినీ తక్కువ చేయడం ఈ పోస్టు ఉద్దేశం కాదు. అమ్మవారికి సాక పోసిన చేత్తో ఎవరూ అమ్మవారి పేరు చెప్పి బైక్ మీద ఇంకొకరి కాలు విరగ్గొట్టలేదు కదా. వీకెండ్ పార్టీని సమర్థించుకోవడానికి బోనాలని అడ్డం పెట్టుకోవద్దు, అంతే.

ప్రమాదం అంటే అసలు అర్థం

ఇక్కడ మీకు ఒక మాట చూపించాలి. నాకు చాలా ఇష్టమైన మాట.

మద్యం, మదం, ఉన్మాదం, ప్రమాదం. ఈ నాలుగూ సంస్కృతంలో ఒకే ధాతువు నుంచి పుట్టాయి. మనం తెలుగులో ప్రమాదం అంటే యాక్సిడెంట్ అనుకుంటాం. సంస్కృతంలో ఆ మాటకి మొదటి అర్థం ఏమరుపాటు. అంటే జాగ్రత్తగా ఉండాల్సినవాడు ఉండకపోవడం. ఉద్యోగపర్వంలో సనత్సుజాతుడు నిద్రపట్టని ధృతరాష్ట్రుడికి ఉపదేశం చేస్తూ మృత్యువంటే ఏమిటో చెప్తాడు. ఆయన దృష్టిలో ఏమరుపాటే మృత్యువు.

దీన్ని మన అబ్బాయి కథకి పెట్టి చూడండి. రాత్రి ఒంటిగంటన్నరకి మలుపు దగ్గర జరిగిందాన్ని మనం ప్రమాదం అంటున్నాం. కానీ అసలు ప్రమాదం తొమ్మిదిగంటలకే జరిగిపోయింది. "బైక్ మీద వచ్చాను, ఇంటికెలా వెళ్తాను?" అని ఒక్కసారి కూడా అనుకోకుండా మొదటి గ్లాసు ఎత్తినప్పుడే జరిగింది. అప్పుడు అందరికీ తెలివి ఉంది. అందరూ నవ్వుతున్నారు, జోకులు వేసుకుంటున్నారు, ఫోన్లో రీల్స్ తీసుకుంటున్నారు. కాబట్టి "నాకు గుర్తులేదు" అనే మాట ఒంటిగంటన్నరకి పనికొస్తుందేమో గానీ, తొమ్మిదిగంటలకి పనికిరాదు. తొమ్మిదిగంటలది అతనికి బాగానే గుర్తుంది.

గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు ఒక గొలుసు చెప్తాడు. విషయాన్ని పదే పదే తలుచుకుంటే దానిమీద సంగం పుడుతుంది. సంగం నుంచి కోరిక, కోరిక నుంచి కోపం, కోపం నుంచి మోహం, ఆ తర్వాత స్మృతి తప్పడం, బుద్ధి నశించడం, చివరికి మనిషే నశించిపోవడం. 'గుర్తులేదు' అన్నది ఈ గొలుసులో స్మృతి తప్పే చోట వస్తుంది, దాదాపు చివర్లో. మనకి అధికారం ఉన్నది మొదటి కొక్కెం మీద. అక్కడ వదిలేసి చివరి కొక్కెం దగ్గర "నా చేతిలో లేదు" అంటే, అది నిజమే. అప్పటికి నీ చేతిలో లేదు. అంతకుముందు ఉంది.

మన దేశ చట్టం కూడా ఇక్కడే నిలబడింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 23, 24 సెక్షన్లు ఇవే. తనకి తెలియకుండా గానీ, ఇష్టం లేకుండా గానీ ఎవరైనా మత్తు ఎక్కించి, దానివల్ల తనేం చేస్తున్నాడో తెలియని స్థితిలో ఉంటే ఆ పనికి మినహాయింపు ఉంది. తనంతట తాను తాగినవాడిని మాత్రం, మత్తు లేనివాడికి ఎంత తెలిసి ఉంటుందో అంతా తెలిసినట్టే లెక్కగడతారు. ఇక బండి నడపడానికైతే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ఉంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ. ఎవరినీ గుద్దనక్కర్లేదు. శాస్త్రం, శ్రీసభ, చట్టం, ముగ్గురూ ఒక్క చోటే వేలు పెట్టి చూపిస్తున్నారు.

పోసినవాడి సంగతి

ఇప్పుడు అసలు ప్రశ్న. "నేను తాగలేదు గురువుగారూ, పోశాను అంతే. నాకూ వాటా ఉందా?"

ఉంది నాన్నా. నిన్ను బాధపెట్టాలని కాదు, నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నాను.

పంచ మహాపాతకాలు అన్నాను కదా. బ్రహ్మహత్య, సురాపానం, దొంగతనం, గురుపత్నీ గమనం. నాలుగయ్యాయి. ఐదోది ఏమిటో చాలామందికి తెలియదు. ఆ నాలుగూ చేసినవాళ్ళతో సంసర్గం, అంటే వాళ్ళతో కలిసిమెలిసి తిరగడం. శాస్త్రంలో దానికి ఏడాదిపాటు కలిసి ఉండటం లాంటి కొలతలున్నాయి. ఒక్క రాత్రి పక్కన కూర్చున్నందుకు నువ్వు మహాపాతకివి అని నేను అనను. కానీ మన పెద్దలు చేసినవాడితోనే లెక్క ఆపలేదు, పక్కన ఉన్నవాడిని కూడా అడిగారు అన్నది గుర్తుపెట్టుకో.

నీ రూమ్మేటు చదువుకునే క్యాటెకిజం కూడా ఇదే అడుగుతుంది. పాపం వ్యక్తిగతమైనదే. అయినా ఇంకొకరి పాపంలో మనం ఇష్టపూర్వకంగా పాలుపంచుకున్నా, చేయమని సలహా ఇచ్చినా, మెచ్చుకున్నా, ఆపాల్సిన బాధ్యత ఉండి ఆపకపోయినా, చేసినవాడిని కాపాడినా మనకీ బాధ్యత ఉందంటుంది. నీ కథలో చూసుకో. "ఇంకొకటి వేయరా" అన్నది సలహా. బైక్ తీస్తుంటే చూస్తూ ఉండటం ఆపకపోవడం. ఆ రాత్రి ఆ బల్ల దగ్గర పూర్తి తెలివితో ఉన్నది నువ్వొక్కడివే కదా. తెలివి ఎంత ఉందో బాధ్యత అంత అనుకున్నాం. అందుకే ఆ తాళంచెవి తీసి జేబులో వేసుకోవాల్సింది నువ్వే.

మౌసలపర్వం చదివితే ఈ పక్కవాళ్ళ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. కురుక్షేత్రం అయిన ముప్పై ఆరో ఏట ద్వారకలో ముసలం పుట్టింది. అప్పుడు పెద్దలు ఊళ్ళో ఎవరూ మద్యం తయారుచేయకూడదని చాటింపు వేయించారు. తయారుచేస్తే కొరత వేయడమే. అంత కఠినమైన కట్టుబాటు. కానీ ప్రభాసతీర్థానికి వెళ్ళాక అందరూ కలిసి కూర్చుని తాగారు. మత్తులో సాత్యకి కృతవర్మని ఎత్తిపొడిచాడు, నిద్రపోతున్నవాళ్ళని చంపినవాడివని. పక్కనే ఉన్న ప్రద్యుమ్నుడు సాత్యకిని మెచ్చుకున్నాడు. కృతవర్మ భూరిశ్రవుడి వధ ఎత్తాడు. సాత్యకి లేచి తల నరికేశాడు. కృతవర్మ వైపువాళ్ళు సాత్యకి మీద పడ్డారు, కాపాడటానికి వెళ్ళిన ప్రద్యుమ్నుడు కూడా పోయాడు. అక్కణ్ణించి తుంగ పీకితే ముసలమై, యాదవులు ఒకరినొకరు చంపుకున్నారు. ఋషుల శాపం ఉంది, నిజమే. కానీ వ్యాసుడు శాపం మీద నెట్టేసి ఊరుకోలేదు. ఎవరు ఏమన్నారో, ఎవరు మెచ్చుకున్నారో, ఎవరు ముందు కత్తి దూశారో పేరుపేరునా రాశాడు. పక్కన కూర్చుని మెచ్చుకున్నవాడి పేరు కూడా వదల్లేదు.

మరి వ్యసనంలో ఉన్నవాడో?

ఈ పోస్టు చదివేవాళ్ళలో నాన్నో, అన్నయ్యో, భర్తో రోజూ తాగే ఇంటివాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. "వాళ్ళకి మానాలని ఉంటుంది, మానలేరు. వాళ్ళదీ పాపమేనా?" అని అడుగుతారు. ఈ ప్రశ్న అర్జునుడు కూడా అడిగాడు. మూడో అధ్యాయంలో, ఇష్టం లేకపోయినా ఎవరో బలవంతంగా తోసినట్టు మనిషి పాపం ఎందుకు చేస్తాడు కృష్ణా అని. కృష్ణుడు నవ్వి కొట్టిపారేయలేదు. రజోగుణం నుంచి పుట్టిన కామమూ క్రోధమూ, వాటిని శత్రువులుగా తెలుసుకో అన్నాడు. ఇవాళ వైద్యులు కూడా తాగుడు వ్యసనాన్ని జబ్బుగానే చూస్తున్నారు. క్యాథలిక్కులు అలవాటు బాధ్యతని తగ్గించవచ్చని చెప్పింది ఇలాంటివాళ్ళ గురించే.

డబ్లిన్‌లో మ్యాట్ టాల్బట్ అనే కూలీ ఉండేవాడు. 1856లో పుట్టాడు. పన్నెండేళ్ళకే మద్యం వ్యాపారుల దగ్గర పనికి చేరి తాగుడు నేర్చుకున్నాడు. కూలి డబ్బంతా తాగేసేవాడు. చేతిలో డబ్బు లేనప్పుడు వీధిలో ఫిడేలు వాయించుకుని బతికే ఒకాయన ఫిడేలు దొంగిలించి, అమ్మి తాగాడట. ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు, 1884లో, ఒకరోజు జేబులో చిల్లిగవ్వ లేక తాగుడు దుకాణం బయట నిలబడితే, ఇన్నాళ్ళూ తనతో తాగిన స్నేహితుల్లో ఒక్కడూ లోపలికి పిలవలేదు. ఇంటికొచ్చి అమ్మతో ఇక తాగనని చెప్పి, ప్రమాణం చేశాడు. మొదట మూడు నెలలకే. తర్వాత పొడిగిస్తూ పొడిగిస్తూ 1925లో చనిపోయేదాకా, నలభై ఏళ్ళకి పైగా, ముట్టుకోలేదు. 1975లో ఆరో పాల్ పోపు ఆయన్ని పూజ్యనీయుడిగా ప్రకటించారు.

నాకు ఆ కథలో ముఖ్యంగా అనిపించేది ఏమిటంటే, మానేశాక ఆయన ఆ ఫిడేలు మనిషి కోసం డబ్లిన్ అంతా వెతికాడు. దొరకలేదు. ఆ డబ్బుని అతని పేరుమీద పూజలు చేయించడానికి ఇచ్చేశాడు. ఆలోచించండి. వ్యసనంలో మునిగి ఉన్నప్పుడు చేసిన దొంగతనం కాబట్టి దేవుడి దగ్గర దోషం కొంత తగ్గిందేమో. కానీ ఫిడేలు పోయినవాడికి ఆ తగ్గింపు ఏం పనికొస్తుంది? వాడి కూడు పోయింది. దోషం తగ్గినా అప్పు తగ్గదు. మనం ప్రాయశ్చిత్తం అంటాం, వాళ్ళు పాపసంకీర్తనం, పరిహారం అంటారు. రెండిటికీ ప్రాణం ఇదే: చెడిపోయినదాన్ని చేతనైనంత బాగుచేయడం.

కాబట్టి ఇంట్లో వ్యసనంతో ఉన్నవాళ్ళని "పాపీ" అని తిట్టకండి. అలాగని "పాపం, ఆయన తప్పేం లేదు" అని సర్దేయకండి. తాగకుండా ఉండటం ఇవాళ ఆయన చేతిలో లేకపోవచ్చు. చికిత్సకి వస్తానని అనడం ఆయన చేతిలో ఉంది. బాధ్యత అక్కడికి జరిగిందంతే. వ్యసన విముక్తికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446 ఉంది. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలిమానస్ 14416 ఉంది. పూజ చేయండి, దీక్ష పట్టండి, డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళండి. రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు హఠాత్తుగా మానేస్తే ఒంటికి ప్రమాదం రావచ్చు, అందుకని మాల వేసుకునే ముందు కూడా ఒకసారి డాక్టరుతో మాట్లాడండి.

ఆ అబ్బాయికి, మీ అందరికీ

నాన్నా, నీ ప్రశ్నకి నా జవాబు ఇది. నీ స్నేహితుడికి పెద్ద వాటా ఉంది, నీకు చిన్న వాటా ఉంది. ఎంత అని తూకం వేయడానికి నేను చిత్రగుప్తుణ్ణి కాదు. కానీ వాటా ఎంతో తేల్చుకునేదాకా ఆగక్కర్లేదు. ఆ డెలివరీ కుర్రాడు ఏ ఆసుపత్రిలో ఉన్నాడో కనుక్కో. వెళ్ళి చూడు. రోజు పనికి వెళ్తే తప్ప డబ్బు రాని ఉద్యోగం అతనిది, కాలు అతికేదాకా ఆ ఇల్లు ఎలా నడుస్తుందో అడుగు. నీ స్నేహితుణ్ణి కూడా తీసుకెళ్ళు. "గుర్తులేదు" అన్నవాడికి ఆ కట్టు చూస్తే గుర్తుండిపోతుంది. పోలీసులు అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పు. స్నేహం కోసం అబద్ధం చెప్తే వాటా పెరుగుతుంది, తగ్గదు. ఆ తర్వాత దేవుడి ముందు కూర్చో. ముందే కూర్చుని, "క్షమించు స్వామీ" అని లేచి వచ్చేస్తే స్వామి నిన్ను ఆ ఆసుపత్రికే పంపిస్తాడు.

మిగతావాళ్ళకి ఒక్క మాట. తాగొద్దనే నేను చెప్తాను. నా సంప్రదాయం నాకు అదే నేర్పింది. "మితంగా" అనే మాట మీద నాకు గౌరవం ఉంది గానీ, తన మితం ఎక్కడ దాటిందో తాగుతున్నవాడికి ఆ సమయంలో తెలియదు. గీత చూసే కంటినే ముందు మూసేసే వస్తువు అది. నా మాట వినకపోయినా ఇదొక్కటి వినండి. పార్టీకి వెళ్ళేముందు, తెలివి పూర్తిగా మీ చేతిలో ఉన్నప్పుడే, ఇంటికి ఎలా వెళ్తారో తేల్చుకోండి. బండి ఇంట్లో వదిలి క్యాబ్‌లో వెళ్ళండి. మీరు తాగనివాళ్ళైతే తాళాలు మీ దగ్గర పెట్టుకోండి. తిడతారు, "అంకుల్‌లా మాట్లాడకురా" అంటారు. అనిపించుకోండి. ఆ తిట్టు తిన్నందుకు ఎక్కడో ఒక కుర్రాడు రెండు కాళ్ళ మీద నడిచి ఇంటికెళ్తాడు.

వచ్చేవారం వీడియోలో గీత మూడో అధ్యాయంలో కామక్రోధాల గురించి కృష్ణుడు చెప్పిన మిగతా మాటలు చూద్దాం. మీ ఇంట్లో, మీ స్నేహితుల్లో ఇలాంటి పరిస్థితి ఉంటే రాయండి. పేర్లు రాయొద్దు.

జై శ్రీకృష్ణ. శుభం.